ఆపమనే మనిషి

నర్సు ఫోను పెట్టేసిన అయిదు నిమిషాల్లో మార్నా వంటింటి అలమరలన్నీ బోర్లించేసింది.

మాత్రల డబ్బాలు, దగ్గుమందు, నిరుడెప్పుడో కొన్న విటమిన్లు, టీ పొట్లాలు, ఆఖరికి మిరియాల సీసా కూడా బల్లమీదికి వచ్చిపడ్డాయి. కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకుని, ఒక్కొక్కదానిమీద ఉన్న చీటీ చదివి పక్కన పెడుతోంది. పెట్టడమంటే పెట్టడం కాదు, బల్లకేసి కొట్టడం.

“ఏం వెతుకుతున్నావ్?” కిటికీ పక్క కుర్చీలోంచి ఆమె భర్త రూడీ అడిగాడు.

“నీ లివర్ని ఎవరు తింటున్నారో వెతుకుతున్నాను.”

రూడీ ఇంక మాట్లాడలేదు. ముప్పై నాలుగేళ్ళు ఇనుప ఖనిజం మోసే ఓడల్లో, ఇంజను గదిలో పనిచేశాడు. ఆ రొదలో నోరు విప్పి లాభం లేదని అక్కడ నేర్చుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు ఒళ్ళో దుప్పటి, దుప్పటిమీద ఎముకలు తేలిన చేతులు. పిత్తనాళంలో పుట్టిన కేన్సరు లివరుకి పాకి పద్నాలుగు నెలలైంది. రెండు రకాల కీమోలు అయ్యాయి. ఇక ఇవ్వడానికి ఏమీ లేదని డులూత్ ఊళ్ళో డాక్టరు చేతులెత్తేశాడు. అప్పుడు కూతురు కైసా ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి, నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న పెద్దాసుపత్రిలో ఒక కొత్త మందుని మొదటిసారిగా మనుషులకిచ్చి చూస్తున్నారని కనిపెట్టింది. అందులో మిగిలిన ఒక్క చోటూ తండ్రికి దక్కించింది. మందు మొదలుపెట్టే ముందు ఆఖరి రక్తపరీక్ష మొన్న మంగళవారం జరిగింది. ఇవాళ శుక్రవారం.

నర్సు జోలీన్ చెప్పిన మాటలు మార్నా చెవుల్లో ఇంకా గింగురుమంటున్నాయి. “పోయిన నెల లివరు బాగానే ఉందండీ. ఇప్పుడు రక్తంలో లివరు లెక్కలు ఉండాల్సినదానికి నాలుగింతలు చూపిస్తున్నాయి. గడ్డ పెరిగినందువల్ల కాదని స్కానులో తెలుస్తోంది. మేమివ్వనిది ఏదో ఆయన తీసుకుంటున్నారు. అదేమిటో కనుక్కోండి. తెలియకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చెయ్యాల్సొస్తుంది.”

బల్లమీద ఏమీ దొరకలేదు. మార్నా కోటైనా వేసుకోకుండా పెరటి తలుపు తీసుకుని మంచులోకి దిగింది.

“కోటు!” అన్నాడు రూడీ.

“నా సంగతి నువ్వు చూడక్కర్లేదు!”

పెరట్లో రూడీ తండ్రి ఆవిరిస్నానాలకని కట్టిన సౌనా గది ఉంది. ప్రతి శుక్రవారం రూడీ అన్న టోయివో వచ్చి పొయ్యి రాజేస్తాడు. ఒంట్లో కండ లేని రూడీ ఆ వేడికి పది నిమిషాలు కూడా తట్టుకోలేడు. అయినా అన్న వస్తే తప్పకుండా వెళ్తాడు. వాళ్ళిద్దరూ పెద్దతనంలో ఇలా పక్కపక్కన కూచోవడం చూసి మార్నా ఎన్నోసార్లు కళ్ళు తుడుచుకుంది కూడా.

బట్టలు మార్చుకునే అరలో, ఆవిరిలో కూచుని వీపుకి కొట్టుకునే బర్చి చెట్టు రెమ్మల కట్టల వెనక దొరికింది. గోధుమరంగు సీసా. చీటీ లేదు. మూత తీస్తే కుళ్ళిన చెట్టువేళ్ళూ కిరసనాయిలూ కలిపి కాచినట్టు వాసన. సగం అయిపోయింది.

సగం సీసా ఆయన కడుపులో ఉందన్న మాట! మార్నాకి ఒళ్ళు భగ్గుమంది. చలి తెలియలేదు.

ఆమె ఇంట్లోకి వచ్చేసరికి టోయివో లారీ వాకిట్లో ఆగింది. అరవైఆరేళ్ళ మనిషి, పడవలు చేసే వడ్రంగి, తలుపులో పట్టనంత భుజాలు. చంకలో పేపరు చుట్టిన పొగబెట్టిన చేపల పొట్లంతో, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

“ఏరా రూడీ, ఇవాళ వేడి కాస్త తగ్గిస్తాలే...”

“ఇదేమిటి?” మార్నా సీసా ఎత్తి పట్టుకుంది.

టోయివో సీసా వంక చూశాడు. తమ్ముడి వంక చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“కషాయం.”

“ఎవడు కాచాడు?”

“సరస్సు అవతల ఒకాయన కాస్తాడు. ఏవో వేళ్ళు, బెరళ్ళు. ఎక్కడెక్కడినుంచో వస్తారు ఆయన దగ్గరికి.”

“వచ్చినవాళ్ళలో ఒక్కడన్నా తిరిగొచ్చి బాగుపడ్డానని చెప్పాడా, బావగారూ? చూశారా మీరు? కళ్ళారా చూశారా?”

“చూసినవాళ్ళు చెప్పారు.”

“చూసినవాళ్ళు చెప్పారట!” మార్నా అతని చంకలోంచి పొట్లం లాక్కుని తలుపుకేసి కొట్టింది. పేపరు చిరిగి చేపలు గుమ్మంలో జారాయి. “ఆయన లివరు చెడగొట్టావు. చోటు పోతోంది. అర్థమవుతోందా నీకు? చోటు పోతోంది!”

ముప్పై ఎనిమిదేళ్ళ కాపరంలో మార్నా తన బావగారిని ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి. ముగ్గురూ విన్నారు. ఎవరూ సరిదిద్దలేదు.

టోయివో వంగి చేపలు ఏరడం మొదలుపెట్టాడు. వంగినచోటినుంచే అన్నాడు. “పోతే పోనీ.”

“ఏమన్నావ్?”

“పోతే పోనీ అన్నాను. ఆ చోటు ఎలాంటిదో నాకు తెలుసు. ఇర్యాని కూర్చోబెట్టాను అలాంటి చోట్లో.”

ఇర్యా అతని భార్య. ఆరేళ్ళ కిందట ఇలాగే ఇంకో ఊళ్ళో, ఇంకో కొత్త మందు పరీక్షలో చేరి, ఆసుపత్రి ఎదుటి అద్దె గదిలో పోయింది.

“పదకొండు రోజులు,” అన్నాడు టోయివో. “పదకొండు రోజులు ఇంటికి తీసుకుపొమ్మని అడిగింది. ఇంకో మోతాదు చూద్దామని వాళ్ళన్నారు. చూద్దామని నేనూ అన్నాను. నేను, మార్నా! వాళ్ళని అని ఏం లాభం? వాళ్ళకి కావలసింది మందు సంగతి. మనిషి సంగతి నేను చూసుకోవాలి కదా. చూసుకోలేదు.”

“ఇర్యా పేరెత్తకు. ఆ గదిలో ఆవిడకి చెంచాతో సూపు పోసింది నేను. నువ్వు కారిడార్లో నిలబడ్డావు.”

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. టోయివో మొహం నల్లబడింది. చేపలు బల్లమీద పడేసి కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“అవును. నిలబడ్డాను. అందుకే వీడికి ఇంట్లో కూచుని తాగే మందు తెచ్చాను. తప్పా?”

“తప్పు కాదు, ద్రోహం!”

వాకిట్లో కారు తలుపు పడిన చప్పుడైంది. కైసా వచ్చింది. బడిలో ఏడో తరగతికి సైన్సు చెబుతుంది. తల్లి పంపిన మెసేజీ చూసి మధ్యాహ్నం క్లాసు ఎవరికో అప్పగించి పరిగెత్తుకొచ్చినట్టుంది, మెడలో బడి కార్డు ఇంకా వేలాడుతోంది. గుమ్మంలో జారబోయి తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది.

“దొరికిందా?”

మార్నా సీసా చూపించింది. ఎవరు, ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పింది. కైసా వాసన చూసి, మూతి తిప్పుకుని, పెదనాన్న వైపు తిరిగింది.

“నలభై మూడు, పెదనాన్నా.”

“ఏమిటే పిల్లా?”

“నేను రాసిన ఉత్తరాలు. నలభై మూడు. పంతొమ్మిది మంది జవాబే ఇవ్వలేదు. ఒక ఆసుపత్రివాళ్ళు నాన్న పేరు కూడా తప్పు రాశారు. రాత్రీ పగలూ ఆ కంపెనీకి ఫోన్లు చేశాను, క్లాసులో పిల్లలముందే ఫోనెత్తాను, హెడ్మాస్టరుతో మాట పడ్డాను. నువ్వేమో రెండు గంటలు బండి నడిపి, పేరులేని సీసా తెచ్చి, అదంతా పెంటమీద పోశావు.”

“నీకోసమే కదుటే... మీ నాన్న కోసమే కదా...”

“నాకోసం చెయ్యకు! ఎవరికోసమూ ఏమీ చెయ్యకు!”

కైసా సీసా పట్టుకుని సింకు దగ్గరికి నడిచింది. మార్నా పరిగెత్తి చెయ్యి పట్టుకుంది.

“పారబోస్తే ఎలా? అందులో ఏముందో వాళ్ళకి చూపించొద్దూ?”

తల్లీకూతుళ్ళు ఒక్క క్షణం సీసాకోసం పెనుగులాడారు. చివరికి కైసా వదిలేసింది. ఆ ఊపులోనే వెళ్ళి ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉన్న కాగితం చింపి తండ్రి దగ్గరికి తెచ్చింది. పరీక్షలో ఉన్నన్నాళ్ళూ ముట్టకూడనివి తనే పెద్దక్షరాలతో రాసి అంటించిన జాబితా. మూలికలు, కషాయాలు అన్న మాటల కింద ఎర్రగా రెండు గీతలు కూడా గీసింది.

“పెదనాన్నకి తెలీదు, సరే. నువ్వు రోజూ ఫ్రిజ్ లోంచి పాలు తీసుకునేటప్పుడు ఇది నీ ముక్కుకి తగులుతూనే ఉంటుంది. కనపళ్ళేదా నాన్నా?”

రూడీ కాగితం వైపు చూశాడు.

“కనపడింది.”

“కనపడీ...?”

“చదివాను. చదివే తాగాను.”

గోడకున్న హీటరు టిక్కుమంటూ ఆగింది. ముందు అర్థమైంది టోయివోకి.

“ఎందుకు?” అంది కైసా.

“ఆసుపత్రివాళ్ళే నన్ను వద్దంటారని.” రూడీ దుప్పటి అంచు సరిచేసుకుంటున్నాడు. “నేను వద్దంటే నువ్వు ఏడుస్తావు. మీ అమ్మ నాతో మాట్లాడదు. వాళ్ళు వద్దంటే వాళ్ళని తిట్టుకుంటారు. తిట్టుకున్నా వాళ్ళకేం పోదు.”

“ఒరేయ్!” టోయివో కేక పెట్టాడు. “నువ్వు బాగుపడతావని తెచ్చానురా నేను! సరస్సు గడ్డకట్టాక ఆ దారిన బండి నడపడమంటే ఏమిటో తెలుసా నీకు? తాగుతూ తాగుతూ, బాగుంది అన్నయ్యా, ఆకలేస్తోంది అన్నయ్యా అన్నావు కదరా!”

“నువ్వు సంతోషిస్తావని అన్నాను.”

“ఛీ!”

“అయితే నీకు చచ్చిపోవాలనుందా?” అంది కైసా. “చెప్పు. నోటితో చెప్పు. పెళ్ళికెళ్ళినప్పుడు కూర వద్దనడానికి మొహమాటపడతావు, అలాంటిదేనా ఇది కూడా?”

రూడీ లేచాడు. లేవడానికి రెండు చేతులూ కుర్చీకి ఆన్చాల్సొచ్చింది. మార్నా సాయం చెయ్యబోతే భుజం విదిలించుకున్నాడు.

“చావాలని ఎవరికుంటుందే? ఇక్కడ ఎవరన్నా నన్ను అడిగారా? ఆ ఒప్పుకోలు కాగితం ఇరవై రెండు పేజీలు. ఈ ఇంట్లో మొత్తం చదివింది నేనొక్కణ్ణి. ఈ మందువల్ల మీకు మేలు జరుగుతుందని చెప్పలేం అని నాలుగుచోట్ల రాశారు. నాలుగుచోట్ల! మనిషి ఎంత మోతాదు తట్టుకుంటాడో చూడ్డానికి అని రాశారు. మీరేమో సంతకం పెట్టే పేజీ తీశారు. మీ అమ్మ కలం ఇచ్చింది. నువ్వు ఫోటో తీశావు.”

మార్నాకి ఆ రోజు గుర్తుంది. కలం రాయకపోతే పరిగెత్తి ఇంకోటి తెచ్చింది కూడా. ఆయన ఆ కాగితాలమీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూచుంటే, కళ్ళు కనపడక అనుకుని దీపం దగ్గరికి జరిపింది.

“అడిగితే చెప్పేవాడివా?” అంది. కోపంగానే అందామనుకుంది.

“ఏమో. అడగలేదుగా.”

అప్పుడే ఫోను మోగింది. జోలీనే. మార్నా స్పీకరు నొక్కి, ఏది దొరికిందో ఎక్కడ దొరికిందో చెప్పింది. కావాలనే తాగాడన్న సంగతి మాత్రం చెప్పలేదు.

“ఇవాళ్టితో ఆపించండి,” అంది జోలీన్. “సీసా పారెయ్యకండి, తీసుకురండి. డాక్టరుగారితో మాట్లాడాను. వచ్చే శుక్రవారం మళ్ళీ రక్తం చూస్తారు. అప్పటికి ఆ లెక్కలు దిగితే ఆ చోటు మీదే. దిగకపోతే మాత్రం ఇంక ఆగలేం.”

కైసా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“వస్తామండీ. తప్పకుండా వస్తాం,” అంది మార్నా. చెప్పేశాక గాని ఏం చెప్పిందో ఆమెకి తెలియలేదు.

“ఒక్క మాట, మార్నా గారూ. ఆయనతో మాట్లాడాలి. ఇన్ని వారాల్లో ఆయన గొంతు నేను రెండంటే రెండుసార్లు విన్నాను.”

“ఆయన ఇక్కడే ఉన్నారు. వస్తానంటున్నారు. నేను చెబుతున్నానుగా.”

“మీరు చెబితే సరిపోదండీ.”

రూడీ చెయ్యి చాపాడు. ఫోను అతని చేతిలో పెట్టడానికి మార్నాకి రెండడుగులు వెయ్యాల్సొచ్చింది. ఆ రెండడుగులూ పొయ్యిమీద నడిచినట్టు నడిచింది.

“ఒక్క నిమిషమమ్మా,” అన్నాడు రూడీ ఫోనులోకి. తలెత్తి, “మీ ముగ్గురూ బయటికి వెళ్ళండి,” అన్నాడు.

“రూడీ, నేను కూడానా?”

“ముందు నువ్వు.”

ముగ్గురూ వాకిలి వసారాలోకి వచ్చారు. వెనక గడియ పడింది. కొండకింద సరస్సు తెల్లగా గడ్డకట్టుకుని ఉంది. రేవులో ఓడలన్నీ చలికాలానికి కట్టేసి ఉన్నాయి. ఈసారి మార్నాకి చలి తెలిసింది. టోయివో తన కోటు విప్పి చాపాడు. ఆమె చూడనట్టు నటించింది. అతను దాన్ని రెయిలింగుమీద పెట్టేశాడు.

“ఏం మాట్లాడుతున్నాడు అంతసేపు?” అంది కైసా. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తోంది. “ఏదో రాసుకుంటున్నాడు. నా జాబితా వెనక రాసుకుంటున్నాడు.”

“రానన్నాడంటే దానికి నువ్వే కారణం,” అంది మార్నా టోయివోతో. ‘మీరు’కి తిరిగి రావడం ఆమెకి చేతకాలేదు.

“వస్తానన్నాడంటే?”

“అప్పుడు నీకేమీ సంబంధం లేదు.”

“భలే లెక్క,” అన్నాడు టోయివో. “కారిడార్లో నిలబడ్డానన్నావు. ఎందుకు నిలబడ్డానో అడిగావా ఎప్పుడన్నా? లోపలికి వస్తే ఇంటికి పోదామంటుంది. పోదామనే ధైర్యం నాకు లేదు. ఉందామనే మొహమూ లేదు. అందుకని కారిడార్లో నిలబడ్డాను.”

మార్నా రెయిలింగుమీది కోటు తీసి భుజాలమీద వేసుకుంది. అది క్షమించడం కాదు, చలి. ఆ సంగతి అతనికి తెలియాలని మొహం అటు తిప్పేసుకుంది.

ఇరవై నిమిషాలకి గడియ తీసిన చప్పుడైంది. రూడీ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చేతిలో ఆ జాబితా కాగితం.

“పదకొండు మందికి ఇచ్చారట,” అన్నాడు. “ఇద్దరికి గడ్డ తగ్గింది. నలుగురికి పెరగలేదు, తగ్గలేదు. ముగ్గురు మధ్యలో మానేశారు. తక్కినవాళ్ళ సంగతి ఆ పిల్ల చెప్పలేదు. నేను అడగలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానెయ్యొచ్చట, కారణం కూడా చెప్పక్కర్లేదట. కాగితంలో చదివాను గాని, మనిషి నోటివెంట వినాలనిపించింది.”

“అయితే?” అంది కైసా.

“శుక్రవారం రక్తమిస్తాను. దిగితే చేరతాను.”

కైసా ఒక్క అంగలో వెళ్ళి తండ్రిని వాటేసుకుంది. “నేను సెలవు పెడతాను. అక్కడుండాల్సిన నాలుగు వారాలకీ పెడతాను. అక్కడే గది తీసుకుందాం...”

“నువ్వు రావద్దు.” కూతురి తలమీద చెయ్యి వేసే చెప్పాడు. “మీ అమ్మా వద్దు. అన్నయ్య వస్తాడు.”

టోయివో వెనక్కి ఒక అడుగు వేశాడు. “నేనా? ఇర్యా శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు ఒట్టు పెట్టుకున్నాను. మళ్ళీ అలాంటి గుమ్మం తొక్కను. నీకు తెలుసు.”

“తెలుసు కాబట్టే. అన్నయ్యా, నా సంగతి చూశావుగా. వద్దని చెప్పలేక సగం సీసా విషం తాగాను. అక్కడ ఒంట్లో బాగోలేని రోజున, వాళ్ళు ఇంకో మోతాదు చూద్దామంటే, నాకు మళ్ళీ నోరు పెగలదు. కైసా ఆపనివ్వదు. మార్నా ఆపమని అనలేదు. ఆపాల్సిన రోజొస్తే ఆపమనే మనిషి ఒకడు నా పక్కనుండాలి. ఆ రోజు ఎలా ఉంటుందో నీకు తెలుసు.”

“నాన్నా, ఇది అన్యాయం!” కైసా చేతులు వదిలేసింది. “ఆయనకి ఆ ఆసుపత్రులంటేనే పడదు. మొదటిరోజే ఆపమంటాడు!”

టోయివో ఆ మాట వినిపించుకోలేదు. తమ్ముడి వైపు కూడా చూడలేదు. తన కోటు కప్పుకుని నిలబడ్డ మార్నా వైపు తిరిగాడు.

“మొదటిరోజున అనను,” అన్నాడు. “అనాల్సిన రోజున అంటాను. వీడు వింటాడు, ఆ నమ్మకం నాకుంది. నేను ఆపమని, వీణ్ణి బండెక్కించి, ఈ గుమ్మంలోకి తీసుకొచ్చిన రోజున, తలుపు తీస్తావా మార్నా? లేక ఇంకో నలభై మూడు ఉత్తరాలు రాయిస్తావా?”

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. రూడీ కూడా చూస్తున్నాడు. పద్నాలుగు నెలల్లో ఆయన ఆమెని ఏదన్నా అడిగినట్టు చూడడం అదే మొదలు.

పొద్దుటినుంచీ ఎవరేమన్నా సమాధానం నాలుకచివరే ఉంది మార్నాకి. ఇప్పుడు నోరు తెరిచింది. తీస్తాననలేకపోయింది. తియ్యననీ అనలేకపోయింది.

“చెప్పు,” అన్నాడు రూడీ.